ఎడారి గెడ్డలో లారీ ట్యూబు

మొన్న సోంపేట వెళ్తుంటే పలాస దాటాక నా బండి పంక్చరైంది. హైవే పక్కన షాపు కనిపిస్తే తోసుకుంటూ వెళ్లాను. షాపతను అప్పటికే ఓ ట్రాక్టర్ ట్యూబుతో కుస్తీ పడుతున్నాడు. "రెండు నిమిషాలు బాబూ, ఇది సూసేసి మీది విప్పుతాను" అని, ఆ ట్యూబుని సిమెంటు తొట్టిలో కొంచెం కొంచెంగా తిప్పుతూ ముంచాడు. ఒకచోట సన్న బుడగలు వరసకట్టి పైకొచ్చాయి. అక్కడ వేలు పెట్టి, బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఆకురాయితో గరగరా గీకాడు. సొల్యూషన్ రాసి నోటితో ఊదాడు.

ఆ వాసన గుప్పున తగిలింది. తడి రబ్బరు, సొల్యూషన్, పక్కనే ఎండకి కాగుతున్న పాత టైర్లు.

ఇప్పుడు కొత్త బళ్లకి చాలావరకు ట్యూబ్‌లెస్ టైర్లే. మేకు దిగితే చిన్న తాడు ముక్క దూర్చి పంపించేస్తారు. తొట్టిలో ముంచడం, బుడగల కోసం ఎదురుచూడడం ఇంక కొన్నాళ్లే. నాది పాత బండి కాబట్టి ఇంకా ఇలాంటి షాపుల్లో స్టూలు మీద కూర్చునే భాగ్యం ఉంది.

వంశధార ఒడ్డున పుట్టినవాణ్ణి. అయినా ట్యూబు వాసన వస్తే నాకు గుర్తొచ్చేది ఒమన్. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, నేను ఈత నేర్చుకున్నది అక్కడే.

* * *

మా ఊరు శ్రీముఖలింగానికి దిగువన, ఏటి గట్టుని ఆనుకుని ఉంటుంది. మా వైపు 'ఏమిటి' అనం, 'ఏటి' అంటాం. చిన్నప్పుడు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన తెలుగు మాస్టారు మా క్లాసు కుర్రాణ్ణి "నిన్న బడికి ఎందుకు రాలేదురా?" అని అడిగారు. "ఏటికెళ్లాను సార్" అన్నాడు వాడు. "ఏటికి?" అన్నారాయన. "ఏటికే సార్." ఆయన బెత్తం తీశారు. పాపం, వాడి తప్పేం లేదు.

ఊళ్లో పిల్లలందరూ ఏటికి వెళ్లేవాళ్లే, నేను తప్ప. మా అమ్మ తమ్ముడు, నేను పుట్టకముందే, గడ్డిమోపుతో ఏరు దాటుతూ కొట్టుకుపోయాడట. ఆ రోజు మా ఊళ్లో చినుకు లేదు. వంశధారతో వచ్చిన చిక్కే అది. పుట్టింది ఒడిశా కొండల్లో. అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు వచ్చేస్తుంది. పొద్దున్న మోకాలి లోతున్న చోట సాయంత్రానికి తాడిచెట్టు లోతుంటుంది. దానికి తోడు నా జాతకం చూసిన పంతులుగారు "నీటి గండం ఉందమ్మా" అని ఒక మాట అనేశారు. అంతే, అమ్మకి నీళ్లంటే నేను, నేనంటే నీళ్లు.

సాయంత్రం ఇంటికి రాగానే చెయ్యి చాపమనేది. మోచేతి కింద గోటితో ఒక్క గీత గీసేది. ఏట్లో మునిగి ఆరిన ఒంటి మీద గీస్తే తెల్లటి చార పడుతుంది. ఎంత తుడుచుకున్నా, ఎంత ఎండలో తిరిగినా ఆ చార దాగదు. మా ఊరి తల్లులందరికీ తెలిసిన పరీక్ష ఇది. మిగతా పిల్లలు ఇంటికొచ్చేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకునేవాళ్లు. నాకు ఆ అవసరం కూడా రాలేదు. నేను గట్టు మీద బట్టలకి కాపలా.

ఊళ్లో లారీ ఉన్న ఒకే ఒక్క ఇంటి కుర్రాడు వేసవిలో ట్యూబు తెచ్చేవాడు. ఆరుగురు దానికి వేలాడుతూ అవతలి ఇసకతిన్నె దాకా వెళ్లొచ్చేవాళ్లు. ఆ ట్యూబుని ఊళ్లోంచి గట్టు దాకా మోసుకెళ్లడం, మళ్లీ మోసుకురావడం నా వంతు. నల్లటి రబ్బరు ఎండకి కాలి భుజానికి అతుక్కునేది. వాసన నాకు, ఈత వాళ్లకి.

శివరాత్రి వెళ్లాక శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానాలకి మాత్రం అమ్మే తీసుకెళ్లేది. మోకాలి లోతు. నా జబ్బ వదలకుండా పట్టుకుని, మూడు చెంబులు నెత్తిన పోసి, ఒడ్డుకి లాగేసేది. ఇరవయ్యారేళ్లు వచ్చేదాకా వంశధారతో నా పరిచయం ఆ మూడు చెంబులే.

* * *

తర్వాత అందరిలాగే నేనూ ఏజెంటు చుట్టూ తిరిగి, ముంబయిలో ఫ్లయిట్ ఎక్కి, ఒమన్‌లో సూర్ అనే ఊరి దగ్గర సైట్లో టైమ్‌కీపర్‌గా దిగాను. ఎవరెన్ని గంటలు పని చేశారు, ఎవరికెంత ఓటీ వస్తుంది, రాయడమే నా పని. అందరూ నాతో మంచిగానే ఉండేవాళ్లు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

క్యాంపులో మనిషికి ఊరే పేరు. బతాకా (గుర్తింపు కార్డు) మీద ఉన్న పేరు ముదీర్‌కి (మేనేజరుకి), మాకు మాత్రం బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, టెక్కలి. వెల్డర్లు, ఫిట్టర్లు, స్కాఫోల్డర్లు, ఒక డ్రైవరు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు ఒకడు, మాకంటే చక్కటి తెలుగు మాట్లాడేవాడు. "మీ ఏటి నీళ్లు మా ఊరు తాగి మిగిల్చినవే" అని మమ్మల్ని ఏడిపించేవాడు. మహేంద్రతనయ వాళ్ల ఊరి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది కాబట్టి మా దగ్గర జవాబు ఉండేది కాదు. మెస్సులో వంట కేరళ చేట్టన్‌ది.

అందరిలోకీ పెద్దవాడు సోంపేట. మాకు వరస కలుపుకుని సోంపేట మావ. రిగ్గరు. క్రేనుకి ఏ బరువు ఎక్కడ కట్టాలో, స్లింగు ఎక్కడ వెయ్యాలో చూపే పని. ఇంజనీరు కాగితం మీద లెక్క వేసేలోగా మావ ఆ పైపు చుట్టూ ఒక్కసారి తిరిగి, బొటనవేలితో రెండు చోట్ల నొక్కి, "ఇక్కడ కట్టండి" అనేవాడు. ఎత్తితే తరాజులా నిలబడేది. బారువ సముద్రం ఒడ్డున పెరిగిన మనిషి. జీడితోట, కొబ్బరి చెట్లు, ఇద్దరు ఆడపిల్లలు. పదకొండేళ్లుగా గల్ఫే.

జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు బయట పని ఆపాలని రూలు. ఆ మూడు గంటలూ రేకుల షెడ్డు కింద అట్టముక్కలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఊరి కబుర్లన్నీ ఆ షెడ్డులోనే. అక్కడే ఓ రోజు నాకు ఈత రాదని బయటపడింది.

"వంశధార కాడ పుట్టి ఈత రాదేట్రా!" అని చీపురుపల్లి పొట్ట పట్టుకుని నవ్వాడు. మావ మాత్రం నవ్వలేదు. "ఎవుర్నైనా ఏరు పట్టుకెల్లిందా?" అని అడిగాడు. చెప్పాను. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

శుక్రవారం సెలవు. బట్టలుతుక్కోవడం, క్షవరం, ఫోన్ కార్డు గీకి ఇంటికి మాట్లాడడం, నిద్ర. మూడేళ్లు అలాగే వెళ్లిపోయాయి. ఒమన్ ఎలా ఉంటుందని ఊళ్లో ఎవరైనా అడిగితే క్యాంపు గేటు, సైటు గేటు, మధ్యలో బస్సు కిటికీ. అంతకు మించి చెప్పడానికేం లేదు.

* * *

ఆ రోజుల్లో ఒమన్ జాతీయ దినం నవంబరు 18. అప్పటి సుల్తాను ఖాబూస్ పుట్టినరోజు కూడా అదే. ఆ ఏడు వరసగా రెండు రోజులు సెలవిచ్చారు. వీధులన్నీ ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ దీపాలు. గజపతినగరం ఫోర్‌మన్‌ని బతిమాలి కోస్టర్ బస్సు సంపాదించాడు, డీజిల్ మా ఖర్చు. "వాదీలకి ఎల్దుం" అన్నాడు.

"వాదీ అంటే ఏటి?" అన్నాను.

"గెడ్డే," అన్నాడు మావ.

ఆ దేశం గురించి నాకు అర్థమైన మొదటి మాట అది. గెడ్డ అంటే మా ఉత్తరాంధ్ర వాళ్లకి వేరే వివరం అక్కర్లేదు. కొండ మీంచి దిగుతుంది, ఏడాదిలో సగం రోజులు రాళ్లే, వాన పడిందా అడ్డమొచ్చినవన్నీ ఊడ్చుకుపోతుంది. వాదీ కూడా అంతే. కొన్ని వాదీల్లో మాత్రం ఏడాది పొడుగునా నీళ్లుంటాయి.

బయల్దేరే రోజు పొద్దున్న చూస్తే బస్సు మీద ఒక పెద్ద నల్ల ట్యూబు కట్టి ఉంది. వర్క్‌షాపులో నీళ్ల ట్యాంకరు లారీది. మావ రాత్రే మెకానిక్ చేత రెండు ప్యాచీలు వేయించాడట. "అల్లుడి కోసం" అన్నాడు, అందరూ వినేలాగ. నాకు సిగ్గేసింది.

సూర్ దాటుతుంటే చేట్టన్ కిటికీలోంచి పడవల వైపు చూపించాడు. ఆ ఊళ్లో పాతకాలం నుంచీ పెద్ద పెద్ద చెక్క నావలు కట్టేవాళ్లు, ఆ నావల మీదే ఇండియాతో వ్యాపారం. "టేకు ఎక్కడిదనుకున్నారు? మా మలబారుది" అని చేట్టన్ మీసం తిప్పాడు. మా దగ్గర్నుంచి ఏమెళ్లిందని అడిగితే, "మనుషులు" అన్నాడు బొబ్బిలి. అందరం నవ్వాం.

మొదటి రోజు వాదీ బనీ ఖాలిద్. మట్టిరంగు కొండల్లో రోడ్డు మెలికలు తిరిగి తిరిగి ఒక్కసారిగా కిందకి దిగింది. ఆ దిగువన ఖర్జూరపు తోటలు, వాటి మధ్యలో ఆకుపచ్చటి మడుగు. మూడేళ్లుగా దుమ్ము చూసిన కళ్లు కదా, ఎవరో అక్కడ రంగు కలిపి పోశారేమో అనిపించింది. కుటుంబాలతో వచ్చిన వాళ్లున్నారు, అందుకని బనియన్లు, నిక్కర్లు విప్పకుండానే దిగమన్నాడు గజపతినగరం.

దిగినవాళ్లు దిగారు. నేను ఒడ్డున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాను. చిటికెన వేలంత చేపలు వచ్చి పాదాలు పొడుస్తున్నాయి. పక్కనే బట్టల కుప్ప. అలవాటు కొద్దీ దానికి కాపలా కాస్తున్నట్టే కూర్చున్నానని నాకు తర్వాత తట్టింది.

మావ వచ్చి నన్నేమీ అడక్కుండా బట్టల కుప్ప మీద పెద్ద రాయి పెట్టాడు. "ఇంక అయ్యెక్కడికీ పోవు. రా."

ట్యూబు మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. "ఈత సంగతి తర్వాత. ముందు నీటి మీద తొంగోడం నేర్సుకో. మంచం మీద తొంగున్నట్టే. మెడ బిగబట్టకు. సెవులు మునగనీ." చెవులు మునగగానే లోకంలో చప్పుడంతా ఆగిపోయింది. నా గుండె కొట్టుకోవడం ఒక్కటే వినిపించింది. కాసేపయ్యాక ట్యూబుని మెల్లిగా కిందకి లాగేసి వీపు కింద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఎప్పుడు తీశాడో నాకు తెలీదు. అడిగితే ఇప్పటికీ చెప్పడు.

* * *

అక్కణ్ణుంచి బండరాళ్ల మీద అరగంట లోపు నడిస్తే ముఖల్ గుహ. బయటికి చిన్న కన్నంలా ఉంటుంది. వంగుని దూరాలి. కొంచెం లోపలికి వెళ్లాక వంగడం చాలదు, పాకాలి.

పదకొండు మందికి మూడు టార్చీలు. ముందు మావ, వెనక బొబ్బిలి, తర్వాత ఎవరి అదృష్టం వాళ్లది. బయట చల్లటి నవంబరు, లోపల మాత్రం ఆవిరి కుడుం పెట్టే గిన్నెలో దూరినట్టుంది. పాత గుడి గర్భాలయం వెనక వచ్చే గబ్బిలాల కంపు. టార్చి పైకి వేస్తే ఏవో కదిలాయి, ఒకటి చీపురుపల్లి చెవి పక్కనుంచి వెళ్లింది. "ఓలమ్మో!" అని వాడు వేసిన కేక గుహంతా తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

బొబ్బిలికి టెన్షన్ వస్తే మాటలెక్కువ. పదో తరగతిలో బొర్రా గుహలకి ఎక్స్‌కర్షన్ వెళ్లిన కథ మొదలెట్టాడు. అక్కడ మెట్లుంటాయట, లైట్లుంటాయట, పైన రైలు వెళ్తుంటే లోపల తెలుస్తుందట, శివలింగం దగ్గర పూజారి కూడా ఉంటాడట. "ఇక్కడ పూజారి లేడు, దేవుడికి నువ్వే సెప్పుకో" అన్నాడు టెక్కలి వెనకనుంచి.

ఇరుకు దగ్గర చేట్టన్ ఇరుక్కున్నాడు. పొట్ట లోపల, కాళ్లు బయట. మొదట నవ్వాం. రెండు నిమిషాలు గడిచేసరికి నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఆయన మాట్లాడ్డం మానేశాడు. ముందు నలుగురం, వెనక ఆరుగురు, మధ్యలో చేట్టన్. మావ వెనక్కి పాకి వచ్చి, ఆయన భుజం ఎటుందో తడిమి, "ఊపిరొదిలీ. అంతా ఒదిలీ. ఇప్పుడు ఎడం భుజం కిందకి" అన్నాడు. మలయాళం రాని మావ, తెలుగు రాని చేట్టన్. ఎలా అర్థమైందో ఏమో, ఆ పెద్ద శరీరం మెల్లిగా తిరిగి ఇవతలికి జారింది. స్లింగు వేసే మనిషి కదా, ఏ బరువు ఎటు తిరుగుతుందో చీకట్లోనూ తెలుసు. ఆ తర్వాత వారం రోజులు మావ కంచంలో రెండు చేపముక్కలు ఎక్కువ పడ్డాయి.

లోపల కాస్త వెడల్పుగా ఉన్న చోట అందరం కూలబడ్డాం. ఎక్కడో కింద నీళ్లు పారుతున్న చప్పుడు. కనిపించవు. మావ టార్చీలన్నీ ఆర్పమన్నాడు. "రెండు నిమిషాలు ఎవుడూ మాటాడకండి. వినండి." రేడియం వాచీ ఉన్నది నాకే, టైమ్‌కీపర్‌ని కూడా నేనే. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. రాతి లోపల, పొర వెనక పొరలో, నీళ్లు జుమ్మని పోతూనే ఉన్నాయి. సరిగ్గా నలభై సెకన్లకి చీపురుపల్లి హనుమాన్ చాలీసా అందుకున్నాడు. నేను రెండు నిమిషాలూ అయ్యాయని చెప్పి టార్చి వేశాను. ఉద్యోగంలో నేను రాసిన దొంగ టైము అదొక్కటే.

* * *

ఆ రాత్రి ఫిన్స్ అనే చోట సముద్రం ఒడ్డున తెల్లటి గులకరాళ్ల మీద పడుకున్నాం. పులిహోర పొద్దున్నే కలిపి తెచ్చింది, ఖుబ్బూసు రొట్టెలు, నిప్పుల మీద కాల్చిన చేప, ఎవరి సంచిలోంచో ఉద్దానం జీడిపప్పు. అల వెనక్కి పోయినప్పుడల్లా గులకరాళ్లు కటకటమని దొర్లేవి. బారువలో ఇసక కాబట్టి ఆ చప్పుడుండదని మావ చాలాసేపు దాన్నే విన్నాడు. పెద్దమ్మాయి పెళ్లి, జీడితోట కౌలు, మరో రెండేళ్లు చేస్తే చాలు అనే మాట. ఆ మాట ఆ తీరమంతా ఉంది. పదకొండు మందిమీ అదే అన్నాం.

* * *

రెండో రోజు వాదీ షాబ్. తీవీ ఊరి పక్కన, పెద్ద హైవే వంతెన కిందే మొదలవుతుంది. ముందు చిన్న పడవలో అవతలికి దాటాలి. పడవ నడిపే ఒమానీ పెద్దాయనకి హిందీ బాగా వచ్చు. ట్యూబుని చూసి, "లారీ ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. తర్వాత కొండల వైపు చెయ్యి చూపించి, అటు మబ్బు పడితే ఇక్కడ ఎండగా ఉన్నా సరే, ఉన్నవాళ్లు ఉన్నట్టు వెనక్కి వచ్చేయండి అన్నాడు. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా లేచాయో తల వెనక్కి వాల్చి మరీ చూపించాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. భాష వేరు గానీ మాట అదే.

దారి పొడుగునా అరటి, ఖర్జూరం. కొండ పక్కన గట్టు కట్టిన సన్నటి కాలువ మాతో పాటే వచ్చింది. ఫలజ్ అంటారట దాన్ని. ఊటనీటినో, భూమి లోపలి నీటినో అలా వాలు మీద మోటారు లేకుండా ఊళ్లకి తెచ్చుకుంటారు. ఇప్పటికీ పారుతున్నవి దేశంలో దాదాపు 3,000 ఉన్నాయని, అందులో అయిదింటిని 2006లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించిందని తర్వాత చదివాను. ఎవరి పొలానికి ఎంతసేపో వంతులుంటాయి. పగలు పాతిన కర్ర నీడ చూసి, రాత్రి చుక్కల్ని చూసి వంతు మార్చేవాళ్లట. మావ కాలువలో చెయ్యి పెట్టి నీటి వాలు చూశాడు. "మన సెరువు కింద వంతుల కాడ తలకాయలు పగిలిపోతాయి. నీడతో దెబ్బలాడ్డానికి లేదు కదా, అదే మంచిది" అన్నాడు.

ముప్పావుగంట ఆ రాళ్ల మీద ట్యూబు మోసింది నేనే. మళ్లీ అదే భుజం, అదే వాసన.

తర్వాత నడవడానికి దారి లేదు, నీళ్లే. ఒక మడుగు, కొన్ని రాళ్లు, మళ్లీ మడుగు. రెండు పక్కలా నిలువు కొండ. నేను ట్యూబులో, మావ ముందు తాడు పట్టుకుని. లోతు చూడొద్దన్నాడు కాబట్టి చూశాను. అడుగున రాళ్లు నీలంగా కనిపించాయి, ఎంత లోతో అంచనా దొరకలేదు. కాళ్లు ముడుచుకున్నాను.

చివర కొండలు రెండూ దగ్గరికొచ్చేస్తాయి. నీటి మీద ఒక సందు, మనిషి తలకంటే ఓ జానెడు ఎక్కువ. అందులోంచే లోపలికి పోవాలి. ఒళ్లంతా నీళ్లలో, గడ్డం దగ్గర నీళ్లు, రెండు చెవుల పక్కనా రాయి. బొబ్బిలి వెళ్లాడు. టెక్కలి వెళ్లాడు. లోపల్నుంచి వాళ్ల కేకలు, పైనుంచి నీళ్లు పడుతున్న హోరు.

ట్యూబు పట్టదు. ఆ సంగతి ముందురోజే మావకి తెలుసని నాకు అప్పుడర్థమైంది.

"ఒగ్గెయ్ అల్లుడా."

"మావా, నేనిక్కడే ఉంటాను. బట్టలు..."

"బట్టల మీద రాయి పెట్టీసేను. ఒగ్గెయ్."

గజపతినగరం ట్యూబు పట్టుకున్నాడు. నేను ఒక చెయ్యి తీశాను, రెండోది రావడం లేదు. మావ లాగలేదు, తిట్టలేదు. నా పక్కనే తేలుతూ కొండ వైపు చూస్తున్నాడు, బస్సు కోసం చూస్తున్నవాడిలాగ. వేళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. రాయి పాచి పట్టి జారుతోంది, అరచేతులు రెండు పక్కలా ఆనించి, ముక్కు పైకెత్తి, కాళ్లతో తన్నుకుంటూ. పది బారలుంటుందేమో. నాకు నరసన్నపేట నుంచి శ్రీకాకుళం అంత దూరం.

లోపల పైకప్పు సందులోంచి వెలుగు దిగి నీళ్లంతా ఆకుపచ్చ దీపం వెలిగించినట్టుంది. ఒక మూల జలపాతం. దాని పక్కన వేలాడుతున్న తాడు పట్టుకుని చీపురుపల్లి అప్పుడే పైకెక్కి, దూకాలా వద్దా అని దండకం చదువుతున్నాడు. నేను గొప్ప భావాలేవో కలిగాయని రాయొచ్చు. నోట్లోకి నీళ్లు పోయి దగ్గొచ్చింది, ముక్కు మండింది. మావ నా నెత్తి మీద చేత్తో మూడుసార్లు నీళ్లు పోశాడు. ఎందుకలా చేశాడో అడగలేదు. చక్రతీర్థం సంగతి నేనాయనకి ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఖర్జూరపు ముల్లు దిగి ట్యూబు బుస్సుమంది. గాలిపోయిన ట్యూబుని మావ పెళ్లికొడుకు దండలా మెళ్లో వేసుకుని నడిచాడు. పడవ పెద్దాయన లేచి నిలబడి సలాం కొట్టాడు.

బస్సులో అందరూ నిద్రపోయారు. ఒళ్లు ఆరిపోయింది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద గోటితో గీశాను. తెల్లటి చార.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే సెలవు కదా ఎక్కడికైనా వెళ్లావా అంది. రూములోనే ఉన్నానన్నాను.

* * *

ఆ తర్వాత ప్రాజెక్టు అయిపోయింది, క్యాంపు ఎత్తేశారు. బొబ్బిలి ఖతార్, టెక్కలి సింగపూర్, పర్లాకిమిడి సంగతి తెలీదు. నేను ఇంటికొచ్చి నరసన్నపేటలో చిన్న హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్నాను. మావ ఇంకో రెండేళ్లు, ఇంకో రెండేళ్లు అంటూ చివరికి 2018లో వచ్చేశాడు. ఆ అక్టోబరులోనే తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఒక్క రాత్రిలో తోటలో జీడిచెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. తర్వాత కాళ్లు పొంగడం మొదలైంది. ఉద్దానంలో కాళ్లు పొంగితే ఎవరూ డాక్టరు చెప్పేదాకా ఆగరు, కిడ్నీ జబ్బని ముందే తెలిసిపోతుంది. నీళ్ల వల్ల అన్నారు, ఎండలో పని వల్ల అన్నారు, మందుల వల్ల అన్నారు. ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. మావకి వారానికి మూడు రోజులు డయాలసిస్.

షాపతను నా బండి పని ముగించాడు. "పాత లారీ ట్యూబేదైనా ఉందా?" అని అడిగాను. వింతగా చూసి, లోపల్నుంచి మూడు ప్యాచీలది ఒకటి తెచ్చాడు. రెండు వందలన్నాడు. గాలి కొట్టించి వెనక సీటుకి కట్టుకున్నాను. సోంపేట దాకా ప్రతి బస్సూ హారన్ కొట్టింది.

మావ అరుగు మీద కూర్చున్నాడు. సన్నబడ్డాడు. ఎడం చేతి నరం తాడులా ఉబ్బి ఉంది, అక్కడే సూదులు గుచ్చేది. ఆ చేత్తో బరువెత్తకూడదన్నారట. "ముట్టుకుని సూడు" అన్నాడు. వేలు పెడితే చర్మం కింద జుమ్మని పారుతోంది. నాకు టార్చీలు ఆర్పిన ఆ గుహ గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చిందేమో, "రెండు నిమిషాలయ్యిందా?" అని నవ్వాడు.

పక్కన ప్లాస్టిక్ బాటిల్, దాని మీద స్కెచ్ పెన్నుతో మూడు గీతలు. పొద్దున్న ఇంత, మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత. రోజు మొత్తానికి అంతే నీళ్లు. నేను చూస్తున్నానని చూసి, "ఫలజ్ వంతు," అన్నాడు. "నీడ బట్టి తాగాల."

బండి మీద ట్యూబు అప్పుడు కనిపించింది ఆయనకి. లేచి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. రేపు డయాలసిస్ లేదన్నాడు. అత్త గుమ్మంలోకి వచ్చి చూసింది.

"అదేటి ట్యూబు? ఏటికి?"

"ఏటికే," అన్నాడు మావ, కుడి బొటనవేలితో రెండు చోట్ల నొక్కి చూస్తూ. "గాలి సాల్లేదు అల్లుడా. ఇంకో నాలుగు పంపులు కొట్టించాల్సింది."